ఆరు పెన్నీల సిపాయి, ఒక గ్రామర్ పుస్తకం

స్కూల్లో మనందరం చేసిన ఎక్సర్‌సైజ్ ఒకటుంది. ఒక మామూలు వాక్యం ఇస్తారు. దాన్ని ముందు ఇంటరాగేటివ్‌గా మార్చమంటారు, తర్వాత ఎక్స్‌క్లమేటరీగా మార్చమంటారు. చివర కొక్కెం లాంటి గుర్తు పెడితే ప్రశ్న, నిలువు గీత కింద చుక్క పెడితే ఆశ్చర్యం. రెండు మార్కులు. పరీక్ష అయిపోగానే ఆ చాప్టర్‌ని మర్చిపోతాం.

ఆ చాప్టర్‌ని కడుపు మాడ్చుకుని నేర్చుకున్న మనిషి ఒకడున్నాడు. పేరు విలియం కాబెట్. ఇంగ్లండ్ చరిత్ర పుస్తకాల్లో అతన్ని జర్నలిస్టు అంటారు, ఎంపీ అంటారు, కూలీల తరఫున కొట్లాడినవాడు అంటారు. నాకు మాత్రం అతని కథలో అన్నిటికన్నా నచ్చింది ఆ గ్రామర్ గొడవే. ఆశ్చర్యార్థక వాక్యాలు రాసినందుకు అతను రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో కేసులో ప్రశ్నలు అడిగి బయటపడ్డాడు. బిల్డప్ అనుకోకండి, నిజంగానే జరిగింది.

కాబెట్ 1763 మార్చి 9న ఇంగ్లండ్‌లోని సర్రీ కౌంటీలో, ఫార్నమ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి జార్జ్ కాబెట్ చిన్న రైతు, ఒక పబ్ కూడా నడిపేవాడు. పిల్లాడికి దొరికిన మొదటి ఉద్యోగం పిట్టల్ని తోలడం. టర్నిప్ విత్తనాల మీద వాలేవాటిని, బఠాణీ చేలో దిగే కాకుల్ని అదిలిస్తూ రోజంతా పొలంలో ఉండేవాడు. బడికి వెళ్ళింది దాదాపు ఏమీ లేదు. చలికాలం సాయంత్రాలు తండ్రే కూర్చోబెట్టి చదవడం, రాయడం, కొంచెం లెక్కలు నేర్పాడు. గ్రామర్ కూడా నేర్పాలని చూశాడు కానీ అది ఆయనకే సరిగ్గా రాదు. రూల్స్ బట్టీ పట్టించాడు, పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈ విషయం కాబెట్టే తర్వాత రాసుకున్నాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బట్టీ పట్టడం అతన్ని ఇంకోసారి పలకరిస్తుంది, అప్పుడు ఫలితం వేరేగా ఉంటుంది.

ఫార్నమ్‌లో వించెస్టర్ బిషప్‌గారి తోట ఉండేది. అక్కడ మొక్కలు కత్తిరిస్తున్నప్పుడు ఒక తోటమాలి క్యూ రాజోద్యానం గురించి గొప్పగా చెప్పాడు. అంతే, మర్నాడు పదకొండేళ్ళ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా లండన్ వైపు నడక మొదలుపెట్టాడు. సాయంత్రానికి రిచ్‌మండ్ చేరేసరికి జేబులో మిగిలింది మూడు పెన్నీలు. ఒక పుస్తకాల షాపు కిటికీలో జొనాథన్ స్విఫ్ట్ రాసిన 'ఎ టేల్ ఆఫ్ ఎ టబ్' కనిపించింది. ధర కరెక్టుగా మూడు పెన్నీలే. ఆ డబ్బుతో రాత్రి భోజనం చేయొచ్చు. కానీ పుస్తకం కొని, ఒక గడ్డివాము పక్కన కూర్చుని చీకటి పడేదాకా చదివి, అక్కడే నిద్రపోయాడు. క్యూలో పని దొరికింది. అక్కడ పగోడా చుట్టూ గడ్డి ఊడుస్తుంటే అతని పల్లెటూరి బట్టలు చూసి రాకుమారులు నవ్వారు. వాళ్ళలో ఒకడు తర్వాత నాలుగో జార్జ్ రాజయ్యాడు. ఇతని పేరు కూడా మళ్ళీ వస్తుంది. ఆ స్విఫ్ట్ పుస్తకాన్ని మాత్రం కాబెట్ ఎక్కడికెళ్ళినా వెంట తిప్పుకున్నాడు. చివరికి ఉత్తర అమెరికాలో, ఫండీ అఖాతంలో, అది ఉన్న పెట్టె ఓడ మీంచి సముద్రంలో పడిపోయింది.

1783లో మళ్ళీ అలాగే ఒక్కసారిగా ఇల్లు వదిలి లండన్ బండెక్కాడు. గ్రేస్ ఇన్ అనే చోట ఒక లాయరు దగ్గర గుమాస్తాగా ఎనిమిది తొమ్మిది నెలలు నకళ్ళు రాశాడు. ఆ చీకటి గదిని తలుచుకుని జీవితాంతం తిట్టాడు. 1784లో సైన్యంలో చేరాడు. నావికదళంలో చేరానని అనుకుంటే, తీరా చూస్తే 54వ కాలిబంటు రెజిమెంట్‌లో ఉన్నాడు. చాటమ్ అనే ఊళ్ళో ఏడాది ట్రైనింగ్. చేతిరాత బాగుండటంతో అక్కడి అధికారి కల్నల్ డెబీగ్ అతన్ని తన కాగితాలు కాపీ చేసే పనిలో పెట్టుకున్నాడు. కాపీల్లో తప్పులు దొర్లుతుంటే, గ్రామర్ నేర్చుకుంటే పైకొస్తావని సలహా ఇచ్చింది కూడా ఆయనే.

కాబెట్ కొనుక్కున్నది రాబర్ట్ లౌత్ రాసిన గ్రామర్. 1762లో వచ్చిన చిన్న పుస్తకం. లౌత్ ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వం బోధించిన ప్రొఫెసర్, తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. ఇప్పుడు సిపాయి జీతం లెక్క చూడండి. రోజుకి ఆరు పెన్నీలు. తిండికీ, సామానుకీ పోగా మనిషికి వారానికి చేతిలో మిగిలేది రెండు పెన్నీలు. పెన్ను కావాలన్నా, ఒక కాగితం కావాలన్నా ఆ పూట తిండిలో కోత పెట్టుకోవాల్సిందే. మంచం అంచే కుర్చీ, నాప్‌సాకే పుస్తకాల అల్మారా, ఒళ్ళో పెట్టుకున్న చెక్కముక్కే టేబుల్. కొవ్వొత్తికి డబ్బుల్లేవు. చలికాలం రాత్రిళ్ళు బ్యారక్‌లో మంట దగ్గర తన వంతు వచ్చినప్పుడే వెలుతురు. చుట్టూ పదిమంది సిపాయిలు పాటలు, ఈలలు, గొడవలు. ఒక శుక్రవారం ఎలాగో అర పెన్నీ మిగిల్చాడు. పొద్దున్నే ఒక ఎండు హెర్రింగ్ చేప కొనుక్కోవాలని ప్లాన్. రాత్రి బట్టలు విప్పుతూ చూస్తే ఆ నాణెం లేదు, ఎక్కడో పడిపోయింది. ఆకలితో ఉన్న ఆ ఇరవై ఒక్క, ఇరవై రెండేళ్ళ సిపాయి దుప్పటి కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మన హాస్టల్ మెస్ మీద కంప్లైంట్లు రాసేముందు ఇది ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మెస్ వాళ్ళు సంతోషిస్తారు.

లౌత్ పుస్తకాన్ని మొత్తం రెండు మూడు సార్లు చేత్తో ఎత్తిరాశాడు. తర్వాత కంఠతా పట్టాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అప్పజెప్పుకునేవాడు. కాపలా డ్యూటీ పడిన ప్రతిసారీ, తుపాకీ పట్టుకుని నిలబడి మొదట్నించి చివరిదాకా మనసులో చెప్పుకునేవాడు.

అందులో మన చాప్టర్ గురించి ఏముందో చూద్దాం. లౌత్ చెప్పేదాని ప్రకారం కర్త మామూలుగా క్రియకి ముందు వస్తుంది. ప్రశ్న అడిగినప్పుడు మాత్రం క్రియకి తర్వాత, లేదా సహాయక క్రియకీ అసలు క్రియకీ మధ్యలోకి వెళ్తుంది. అంటే ఇంగ్లీషులో ప్రశ్నని తయారుచేసేది చివరి గుర్తు కాదు, సీట్లు మారడం. 'షి ఈజ్ హియర్' అన్నది మాట, 'ఈజ్ షి హియర్' అన్నది ప్రశ్న. మనకి తెలుగులో ఈ కష్టం లేదు. 'వచ్చాడు' చివర ఒక దీర్ఘం తగిలిస్తే 'వచ్చాడా' అయిపోతుంది, ఎవరి సీటూ కదలక్కర్లేదు. పైగా మనం ఆ దీర్ఘాన్ని ఏ మాటకి కావాలంటే ఆ మాటకి తగిలించొచ్చు. 'రవి నిన్న వచ్చాడా', 'రవి నిన్నా వచ్చింది', 'రవా నిన్న వచ్చింది', మూడూ మూడు వేరే అనుమానాలు. ఇంగ్లీషువాడు ఇదే పనికి గొంతులో ఒత్తు మార్చుకోవాలి, లేదా ఇంకో పెద్ద వాక్యం కట్టాలి.

మరి ముందుకి తేవడానికి సహాయక క్రియ లేకపోతే? షేక్స్‌పియర్ రోజుల్లో అసలు క్రియనే నేరుగా ముందుకి తెచ్చేసేవాళ్ళు, 'నో యు హిమ్' అన్నట్టు. లౌత్ కాలానికి అది పాతబడిపోయింది. ప్రశ్నలకీ, కాదనే వాక్యాలకీ 'డు' దాదాపు తప్పనిసరి అయిందని ఆయన పుస్తకంలోనే రాశాడు. ఆ 'డు'కి సొంత అర్థం ఏమీ లేదు. కర్త ముందు ఒక సీటు ఆపి ఉంచడానికి వచ్చిన మనిషి. ప్రోగ్రామింగ్‌లో డమ్మీ వేరియబుల్ పెట్టుకుంటాం కదా, దాదాపు అలాంటిదే.

ఆశ్చర్యార్థకం దగ్గరే అసలు తమాషా. అది హౌ, వాట్ అనే మాటల్ని ప్రశ్న దగ్గర అప్పు తెచ్చుకుంటుంది, సీట్లు మాత్రం మార్చదు. 'హౌ టాల్ ఈజ్ హి' అంటే కొలత అడుగుతున్నాం. 'హౌ టాల్ హి ఈజ్' అంటే నోరు తెరుచుకుని చూస్తున్నాం. మాటలు అవే నాలుగు, చివరి రెండూ చోటు మార్చుకున్నాయంతే. తెలుగులో అయితే 'వాడెంత పొడుగు' అన్న ఒకే వాక్యం రెండు పనులూ చేస్తుంది, ఏ పనో గొంతు చెప్తుంది. అందుకే మన బుర్రకి ఈ తేడా సహజంగా తట్టదు. ఇంకో మాట. 'ఐ డోంట్ నో వాట్ ఈజ్ హిజ్ నేమ్' అని మెయిల్స్‌లో, ఇంటర్వ్యూల్లో తెగ కనిపిస్తుంది. అక్కడ ప్రశ్న ఇంకో వాక్యం లోపల కూర్చుంది కాబట్టి సీట్లు మళ్ళీ మామూలుగానే ఉండాలి, 'వాట్ హిజ్ నేమ్ ఈజ్' అనాలి. లోపల కూర్చున్న ప్రశ్నకీ, ఆశ్చర్యార్థకానికీ ఆకారం ఒకటే అని తెలిస్తే రెండు రూల్స్ బదులు ఒక రూల్ గుర్తుంటే చాలు.

గుర్తుల గురించి లౌత్ ఇంకో మంచి మాట చెప్పాడు. కామా, ఫుల్‌స్టాప్ లాంటివి ఎంతసేపు ఆగాలో చెప్తాయట. ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం ఆ జాతివి కావు, గొంతు ఎలా మారాలో చెప్తాయి. రెండోదాన్ని ఆ రోజుల్లో చాలామంది అడ్మిరేషన్ గుర్తు అనేవాళ్ళు. అడ్మిరేషన్ అంటే అప్పట్లో మెచ్చుకోవడం కాదు, అబ్బురపడటం. మన 'ఆశ్చర్యార్థకం' దానికి సరిగ్గా సరిపోతుంది. గుర్తు పెట్టినంత మాత్రాన వాక్యం ఎక్స్‌క్లమేటరీ అయిపోదని కూడా తెలుసుకోవాలి. 'స్టాప్' పక్కన ఎన్ని గీతలు పెట్టినా అది ఆజ్ఞే. ఇంగ్లండ్‌లో 2016లో ప్రైమరీ పిల్లల పరీక్షలకి ఒక రూల్ పెట్టారు, వాట్‌తో గానీ హౌతో గానీ మొదలై, లోపల క్రియ ఉంటేనే ఎక్స్‌క్లమేషన్ వాక్యం కింద లెక్క అని. అక్కడి టీచర్లు, రచయితలు దాని మీద పెద్ద గొడవ చేశారు. నా ఉద్దేశంలో వాక్యం ఆకారం వరకు ఆ రూల్ కరెక్టే, పిల్లల మార్కులు దాని మీద కోయడం మాత్రం అన్యాయం.

మళ్ళీ సిపాయి దగ్గరికి వద్దాం. 1785లో రెజిమెంట్ కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ వెళ్ళింది. అక్కడ రిపోర్టు రాయాలన్నా, లెక్కల పుస్తకం చూడాలన్నా అందరూ కాబెట్ దగ్గరికే. ముప్ఫై మంది సీనియర్ సార్జెంట్లని దాటించి అతన్ని సార్జెంట్ మేజర్ చేశారు. అక్కడే మంచులో తెల్లవారుజామున తొట్టె తోముతున్న ఆన్ రీడ్ అనే అమ్మాయిని చూశాడు, ఒక ఫిరంగిదళ సార్జెంట్ కూతురు. పెళ్ళి చేసుకుంటే ఈమెనే అనుకున్నాడు. ఆమె కుటుంబం ఇంగ్లండ్ తిరిగి వెళ్తుంటే తను దాచుకున్న 150 గినీలు చేతిలో పెట్టి, కష్టపడొద్దు, దీంతో బతుకు అన్నాడు. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఆమె ఒక ఇంట్లో ఏడాదికి 5 పౌండ్ల జీతానికి పనిమనిషిగా ఉంది. ఆ 150 గినీలు ఒక్కటి కూడా తగ్గకుండా తెచ్చి ఇచ్చేసింది. 1792 ఫిబ్రవరిలో పెళ్ళయింది. కాబెట్ కథలో గ్రామర్‌తో సంబంధం లేకుండా నాకు నచ్చిన సీన్ ఇదే.

సైన్యంలో లెక్కలు చూసినవాడు కాబట్టి సిపాయిల రేషన్, జీతం డబ్బులు ఆఫీసర్లు మింగడం కళ్ళారా చూశాడు. ఉద్యోగం వదిలాక వాళ్ళ మీద ఫిర్యాదు చేశాడు. కోర్ట్ మార్షల్ ఏర్పాటైంది. కానీ తన మీదే ఎదురు కేసు బనాయిస్తున్నారని తెలిసి, విచారణ రోజుకి అక్కడ ఉండకుండా ఫ్రాన్స్ పారిపోయాడు. అక్కడ విప్లవం ముదురుతుంటే అమెరికా ఓడెక్కాడు.

ఫిలడెల్ఫియాలో విప్లవం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెంచివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. వాళ్ళకి ఇంగ్లీషు చెప్పి బతికాడు. ఆ అనుభవంతో 1795లో ఫ్రెంచివాళ్ళ కోసం 'లె త్యుటర్ ఆంగ్లె' అనే ఇంగ్లీషు గ్రామర్ రాశాడు. ఫ్రెంచిలో కూడా ప్రశ్నకి సీట్లు మారతాయి, కానీ అసలు క్రియే నేరుగా ముందుకి వస్తుంది, 'డు' లాంటి డమ్మీ ఉండదు. పిట్టల్ని తోలిన కుర్రాడు పారిస్ పెద్దమనుషులకి ఇంగ్లీషు ప్రశ్న ఎలా అడగాలో చెప్పడం ఊహించుకుంటే నాకు భలే ఉంటుంది. పీటర్ పోర్కుపైన్ అనే మారుపేరుతో రాజకీయ కరపత్రాలు కూడా మొదలెట్టాడు. పేరుకి తగ్గట్టు ముళ్ళపందే. బెంజమిన్ రష్ అనే పెద్ద డాక్టరు జ్వరం వచ్చినవాళ్ళ రక్తం తీసేసి చంపుతున్నాడని రాస్తే, రష్ కేసు వేసి గెలిచాడు. జరిమానా 5000 డాలర్లు. ఆ తీర్పు వచ్చింది 1799 డిసెంబర్ 14న. అదే రోజు జార్జ్ వాషింగ్టన్ చనిపోయాడు, డాక్టర్లు ఒంట్లోంచి బోలెడంత రక్తం తీశాక.

1800లో ఇంగ్లండ్ తిరిగొచ్చి, 1802లో 'పొలిటికల్ రిజిస్టర్' అనే వారపత్రిక పెట్టాడు. మొదట ప్రభుత్వం వైపు ఉన్నవాడు కొన్నేళ్ళకి పూర్తిగా అటు తిరిగాడు. 1809లో ఈలీ అనే ఊళ్ళో మిలీషియా కుర్రాళ్ళు తమ జీతంలోంచి నాప్‌సాక్ ఖర్చు కోస్తున్నారని తిరగబడ్డారు. జర్మన్ గుర్రపుదళాన్ని కాపలా పెట్టి, ఒక్కొక్కరికి 500 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. నాప్‌సాక్ అంటే కాబెట్‌కి ఏంటో మనకి తెలుసు. ఆ వారం రిజిస్టర్‌లో అతను రాసిన వ్యాసం నిండా ఆశ్చర్యార్థకాలే. భలే చేశారు, ఇంకా కొట్టండి, ఇంతకన్నా మంచి పని ఉందా అన్న ధోరణిలో పొగుడుతున్నట్టు నటిస్తూ సాగుతుంది. ఆకారం చూస్తే మెచ్చుకోలు, లోపల అసహ్యం. గుర్తులు గొంతు ఎలా మారాలో చెప్తాయని లౌత్ రాసిన రూల్‌ని కాబెట్ ఇక్కడ తలకిందులు చేశాడు. గొంతు ఒకటి చెప్తుంటే అర్థం దానికి రివర్స్‌లో నడుస్తుంది. వ్యంగ్యం ప్రభుత్వానికి బాగానే అర్థమైంది. 1810లో రాజద్రోహ రాతల కేసులో రెండేళ్ళ జైలు, 1000 పౌండ్ల జరిమానా పడ్డాయి. న్యూగేట్ జైల్లో కూర్చునే పత్రిక నడిపాడు, పొలం పనులు కూడా ఉత్తరాలతోనే పిల్లలకి పురమాయించాడు.

అప్పట్లో పత్రికల మీద స్టాంపు పన్ను వల్ల రిజిస్టర్ ధర ఒక షిల్లింగు పైనే. కూలీవాడు కొనలేడు. 1816 నవంబరులో కాబెట్ ఒక లొసుగు పట్టుకుని, వ్యాసాన్ని విడిగా ఒకే కాగితం మీద అచ్చువేసి రెండు పెన్నీలకి అమ్మాడు. పబ్బుల్లో ఒకడు చదువుతుంటే పదిమంది వినేవాళ్ళు. శత్రువులు దాన్ని రెండు పెన్నీల చెత్త అని వెక్కిరిస్తే, తర్వాత ఆ పేరే పెట్టుకున్నాడు. 1817లో ప్రభుత్వం హేబియస్ కార్పస్‌ని సస్పెండ్ చేసింది, అంటే విచారణ లేకుండా ఎవరినైనా లోపలేయొచ్చు. మార్చిలో కాబెట్ మళ్ళీ అమెరికా ఓడెక్కాడు.

లాంగ్ ఐలాండ్‌లో ఒక పొలం తీసుకుని టర్నిప్స్ పండిస్తూ, 1818లో తన అసలు గ్రామర్ పుస్తకం రాశాడు. పద్నాలుగేళ్ళ కొడుకు జేమ్స్ పాల్‌కి తండ్రి రాసే ఉత్తరాల రూపంలో ఉంటుంది. ముఖపత్రం మీదే చెప్పేశాడు, ఇది ముఖ్యంగా సిపాయిలకి, నావికులకి, పని నేర్చుకునే కుర్రాళ్ళకి, నాగలి పట్టే పిల్లలకి అని. అంతవరకు గ్రామర్ పుస్తకం ముఖపత్రం మీద నాగలి పట్టేవాడి పేరు వేయాలని ఎవరికి తోస్తుంది? పైగా ఇది దయతో రాసింది కాదు. పార్లమెంటులో మార్పు కావాలని మామూలు జనం పిటిషన్లు పంపితే, 1793లోనూ 1817లోనూ సభ కొన్నింటిని భాష మర్యాదగా లేదని తోసేసింది. లోపల ఏం అడిగారో చూడక్కర్లేదు, ఎలా అడిగారో చూస్తే చాలు. కాబెట్‌కి ఇందులోని కిటుకు అర్థమైంది. గ్రామర్ రానివాడు హక్కు అడిగితే, ఆ హక్కు గురించి కాకుండా వాడి వాక్యం గురించి మాట్లాడొచ్చు. ఆ సాకు వాళ్ళ చేతిలోంచి లాగేసుకోవాలి.

పద్నాలుగో ఉత్తరం మొత్తం చుక్కలు, గుర్తుల మీద. కానీ జనం ఎగబడి చదివింది చివరి ఉత్తరాలు. లౌత్ తన ఫుట్‌నోట్స్‌లో షేక్స్‌పియర్, మిల్టన్ లాంటి పెద్దవాళ్ళ తప్పులు చూపించేవాడు. శిష్యుడు ఒకడుగు ముందుకేశాడు. డాక్టర్ జాన్సన్ వాక్యాల్లో తప్పులు తీసి, ఆ తర్వాత పార్లమెంటులో చదివే రాజుగారి ప్రసంగాన్నే టేబుల్ మీద పెట్టి వాక్యం వాక్యం కోశాడు. తర్వాతి ఎడిషన్‌లో రాజకీయ నాయకులు తప్పుడు గ్రామర్ వాడకుండా ఆరు పాఠాలు అని ఇంకో భాగం కలిపాడు. అందులో విదేశాంగ మంత్రి కాసల్‌రే ఉన్నాడు, వాటర్లూ వీరుడు వెల్లింగ్టన్ ఉన్నాడు, వించెస్టర్ బిషప్ కూడా ఉన్నాడు. చిన్నప్పుడు తను మొక్కలు కత్తిరించిన తోట అదే పదవిలోని ఇంకో బిషప్‌ది. అతను పట్టిన తప్పుల్లో కొన్ని ఈ రోజు ఎవరూ తప్పనుకోరు, కొన్ని చోట్ల ఊరికే గిల్లికజ్జాలు పెట్టుకున్నాడు. అయినా కూలివాడు రాజు వాక్యాన్ని దిద్దడం నేర్పిన పుస్తకం అది.

1819లో ఇంటికొచ్చాడు. మరుసటి ఏడాది నాలుగో జార్జ్ తన భార్య కెరొలిన్‌ని వదిలించుకోవాలని పార్లమెంటులో విచారణ పెట్టించాడు. క్యూ తోటలో నవ్విన రాకుమారుడే. కాబెట్ రాణి వైపు నిలబడ్డాడు. రాజుకి ఆమె పంపిన ప్రసిద్ధమైన ఉత్తరం అసలు రాసింది కాబెటే. గ్రామర్ కొత్త ఎడిషన్‌ని ఆమెకే అంకితమిచ్చాడు.

అతన్ని హీరోని చేసి వదిలేయడం నాకిష్టం లేదు. యూదుల మీద అతను రాసిన రాతలు చదివితే కడుపులో తిప్పుతుంది. నల్లజాతి బానిసల గురించి హీనంగా రాశాడు, బానిసత్వం రద్దు కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్‌ని ఏళ్ళ తరబడి తిట్టాడు. టీ తాగితే జనం పాడైపోతారని, బంగాళాదుంప తింటే బానిసలవుతారని కూడా వాదించాడు, అది నవ్వుకోవచ్చు. మొదటివి నవ్వుకునేవి కావు. గమనిస్తే ఈ చెడ్డ పేజీలన్నిట్లో ఆశ్చర్యార్థకాలు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ఎక్కడ అతను నిజంగా ప్రశ్న అడిగాడో అక్కడ అతని రాత నిలబడింది.

దానికి రుజువు 1831. అంతకు ముందు చలికాలం దక్షిణ ఇంగ్లండ్ అంతా కూలీలు తిరగబడి నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు, వాములు తగలబెట్టారు. నీ రాతలే రెచ్చగొట్టాయని ప్రభుత్వం కాబెట్ మీద కేసు పెట్టింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో లాయరు లేకుండా తనే వాదించుకున్నాడు. ప్రధానమంత్రి గ్రేతో సహా మంత్రుల్నే సాక్షులుగా పిలిపించాడు. కోర్టులో చాలా ప్రశ్నలకి జడ్జి అడ్డుపడ్డాడు. అయినా ఒక సంగతి బయటపడింది. లార్డ్ ఛాన్సలర్ బ్రూమ్ స్వయంగా కాబెట్ పాత వ్యాసం ఒకటి అడిగి తీసుకున్నాడు, అదీ అల్లర్లు ఆపడానికి మళ్ళీ అచ్చువేద్దామని. కూలీల్ని శాంతింపజేయడానికి ఎవరి రాత అడిగారో, రెచ్చగొట్టాడని అతని మీదే కేసు పెట్టారన్నమాట. జ్యూరీ రాత్రంతా కూర్చున్నా ఒక మాట మీదికి రాలేకపోయింది. కేసు అక్కడితో ఆగిపోయింది.

1832లో ఓటు చట్టం మారాక ఓల్డమ్ నుంచి ఎంపీగా గెలిచాడు. పిటిషన్ల భాష బాలేదన్న అదే సభలో కూర్చున్నాడు. ముసలితనం, అర్ధరాత్రి దాకా సాగే సమావేశాలు పడలేదు. 1835 జూన్ 18న సర్రీలోనే తన పొలంలో చనిపోయాడు, ఫార్నమ్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. ఆ చివరి ఏడాది వరకు రిజిస్టర్ వస్తూనే ఉంది.

గ్రామర్ పుస్తకం అతని తర్వాత కూడా చాలాకాలం అచ్చవుతూ వచ్చింది. ఆ ఉత్తరాలు అందుకున్న పద్నాలుగేళ్ళ జేమ్స్ పాల్ పెద్దయ్యాక, నాన్న రాయని ఉచ్చారణ చాప్టర్‌ని తను రాసి, దాంట్లో కలిపి ఒక ఎడిషన్ వేశాడు.